ఐదు గంటల బ్యాచ్

మంగళవారం ఉదయం ఏడు గంటలకు యాకూబ్ ఫోన్ చేశాడు.

"అన్నా, టైపు మేడమ్ పోయింది."

ఎప్పుడు అని అడిగాను. తెల్లవారుజామున అన్నాడు. ఎక్కడ అంటే ఇంట్లోనే అన్నాడు. ఎట్లా అంటే నిద్రలోనే అన్నాడు. చాలా ఏళ్లు విలేకరిగా పనిచేశాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న నాలుగు సంగతులు దొరికితే మరణవార్త పూర్తయినట్టే. ఈసారి నాలుగూ ఒక్క నిమిషంలో దొరికాయి. వార్త మాత్రం పూర్తి కాలేదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. గొంతు మాత్రం కొందరికి తెలిసే ఉంటుంది. మీరు రైసుమిల్లులోనో, మిర్చి కోల్డ్ స్టోరేజీలోనో, చిన్న ఆస్పత్రిలోనో పనిచేస్తుంటే, ఒకరోజు మీ మేనేజరు "రేపటి నుంచి హాజరు ఫోన్లో" అని చెప్పి ఒక వీడియో చూపించి ఉంటే, అందులో ఒక పెద్దావిడ తొందర లేకుండా "ఇక్కడ నొక్కండి. నొక్కారా? ఇప్పుడు కిందికి చూడండి" అని చెప్పి ఉంటే, ఆ పెద్దావిడ మా టైపు మేడమ్. డెబ్బై దాటాక ఆ పనిలోకి వచ్చారు. మమ్మల్ని కూడా ఆ పనిలో నిలబెట్టింది ఆమే.

సారపాకలో పేపరు మిల్లు ఉద్యోగుల ఇళ్లున్న ఒక వీధిలో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పుట్టిన ఊరు మధిర. పెళ్లయి ఇటు వచ్చారు. భర్త మిల్లులో పనిచేసి, రిటైరైన కొన్నాళ్లకు పోయారు. పిల్లలు లేరు. ఇంటి ముందుగదిలో మిషన్లు, వెనక కాపురం. ఉదయం ఆరు నుంచి గంటకో బ్యాచ్, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి. ఆ వీధికి గడియారం ఆ గదే. మిషన్ల చప్పుడు ఆగిందంటే గంట అయినట్టు, మళ్లీ మొదలైందంటే తర్వాతి బ్యాచ్ కూర్చున్నట్టు. ఎదురుగా నర్సయ్య టీ కొట్టు. ఐదు గంటల బ్యాచ్ చప్పుడు మొదలవగానే అతను పొయ్యి మీద పాలు పెట్టేవాడు. ఆ బ్యాచ్ నిండా కాలేజీ ఆడపిల్లలు ఉండేవాళ్లు, ఆరింటికి బయటికి రాగానే అందరికీ టీ కావాలి.

నాది ఉదయం ఆరు గంటల బ్యాచ్. చేరిన వారానికి ఆమె నా వెనక నిలబడి కాసేపు చూశారు.

"నీ చూపుడువేలు ఒక్కటే ఉద్యోగం చేస్తోందయ్యా. మిగతా తొమ్మిదింటికీ సెలవిచ్చావా?"

బ్యాచ్ అంతా నవ్వింది. ఆ తర్వాత పది వేళ్లూ పనిలోకి వచ్చాయి. ఇప్పటికీ వస్తున్నాయి.

కంప్యూటర్లు వచ్చాయి. బ్యాచ్‌లు ఒకటొకటిగా పలచబడ్డాయి. చివరికి గంటకు ఇద్దరు, తర్వాత రోజుకు ఇద్దరు, తర్వాత ఎవరూ లేరు. మిషన్లు చాలావరకు పాతసామాన్ల వాళ్లకు పోయాయి. ఆరు మిగిలాయి, మూడు తెలుగువి, మూడు ఇంగ్లీషువి. వాటికి గుడ్డ తొడుగులు కుట్టి కప్పి ఉంచారు. శనివారం శనివారం తొడుగులు తీసి నూనె వేసేవారు. ఎందుకు మేడమ్ అంటే, "తుప్పు పట్టిస్తే మళ్లీ పనికొస్తాయా?" అనేవారు.

నేను పనిచేసిన పత్రిక జిల్లా కార్యాలయం మూతపడినప్పుడు నేనూ, మా ప్రెస్ ఫొటోగ్రాఫర్ యాకూబ్ ఒకేరోజు ఇంటికి వచ్చాం. హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. హాజరు, సెలవులు, షిఫ్టులు, స్టోరు సామాన్లు, ఇట్లాంటి పనులకు చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు చేసి జిల్లాల్లో అమ్ముతుంది. చూడగానే నమ్మకం కలిగే తెలుగు వీడియోలు కావాలన్నారు. వార్త రాయడం వచ్చినవాడికి ప్రకటన తీయడం ఎంతసేపు అనుకున్నాను. పని చేసుకోవడానికి గది కావాలని మేడమ్‌ను అడిగితే, "ముందు బూజు దులపండి, మిగతావి తర్వాత" అన్నారు. ముందుగదిలో ఒక మూల మా కంప్యూటర్, మిగతా అంతా తొడుగులు కప్పిన మిషన్లు.

మొదటి వీడియో ఖమ్మంలో ఒక ఏసీ ఆఫీసు అరపూట అడిగి తీసుకుని తీశాం. తెల్లటి బల్ల, కాఫీ కప్పు, కుండీలో మొక్క. ఒక అమ్మాయి లాప్‌టాప్ చూస్తూ నవ్వుతుంది. బాగా వచ్చిందని మేమిద్దరం అనుకున్నాం. మేడమ్‌కు చూపించాం.

"ఈ అమ్మాయి ఏం చేస్తోంది?"

"సెలవు పెట్టుకుంటోంది మేడమ్."

"సెలవు ఇంకా ఇవ్వలేదుగా. ముందే ఎందుకు నవ్వుతోంది?"

యాకూబ్ వీడియో ఆపేశాడు.

"తెరను చూసి నవ్వేది సినిమా హాల్లో. ఆఫీసులో తెర చూసేవాళ్ల నుదురు ముడుచుకుని ఉంటుంది. ఆ ముడత ఎక్కడ విప్పుకుంటుందో అక్కడ తీయండి. మీ సాఫ్ట్‌వేర్ గొప్పేదైనా ఉంటే అక్కడే ఉంటుంది."

ఆ వీడియో పక్కన పెట్టేశాం. తర్వాతిది మధిర దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో, నిజం స్టోర్‌కీపర్‌తో, నిజం స్టోర్‌రూములో తీశాం. యాకూబ్ కెమెరా పెట్టుకుని అతని ముఖం ఎదురుగా గంటన్నర కూర్చున్నాడు. స్టోర్‌కీపర్ విసిగిపోయాడు.

"ఏంది సారూ, నా మొహంల సినిమా నడుస్తుందా?"

"నడవాలె. జర ఆగు" అన్నాడు యాకూబ్.

నడిచింది. రెండు రోజులుగా దొరకని బేరింగులు ఏ అరలో ఉన్నాయో ఫోన్లో కనిపించిన క్షణంలో అతని నుదుటి మీది రెండు గీతలు ఒక్కటై, ఆ ఒక్కటీ పోయింది. రెండు సెకన్ల ముక్క. కంపెనీవాళ్లు ఆ రెండు సెకన్లు చూసే మాకు మరో పని ఇచ్చారు.

గొంతు సంగతి వేరే. మొదట్లో హైదరాబాదు నుంచి ఒకాయన చదివి పంపేవాడు. మంచి గంభీరమైన గొంతు. మేడమ్ వంటింట్లోంచి విని బయటికి వచ్చారు.

"ఈయన ఎవరికి చెప్తున్నాడయ్యా?"

"చూసేవాళ్లకు మేడమ్."

"చూసేవాళ్ల చేతిలో ఫోనుంటుంది. వినేవాడి చేయి మాట వెనకాలే నడవాలి. ఈయన చేతుల్ని తొక్కుకుంటూ పోతున్నాడు."

ఎట్లా చదవాలో చూపిస్తానని కాగితం తీసుకుని చదివారు. ముప్పై ఏళ్లు డిక్టేషన్ ఇచ్చిన మనిషి. ఒక మాట చెప్పి, అవతలివాడి వేలు అక్షరం మీద పడేంతసేపు ఆగి, తర్వాతి మాట చెప్పడం ఆమె ఊపిరిలోనే ఉంది. యాకూబ్ చెప్పకుండా రికార్డు చేశాడు. మేం దాన్నే పంపించాం. సంగతి తెలిసి రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడారు.

"చెప్పకుండా గొంతు తీసుకుంటారా? ఆవేళ నాకు దగ్గు. మళ్లీ చదువుతాను, అది తీసేయండి."

తన గొంతంటే ఆమెకు కొంచెం గర్వం. ఎవరైనా బాగుందంటే సిగ్గుపడేవారు కాదు, "అవును" అనేవారు. రికార్డింగ్ ఉన్నరోజు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించేవారు. చేతికున్న రెండు గాజులు తీసి, తనకు దగ్గరగా ఉన్న తెలుగు మిషన్‌లో కాగితాన్ని కొత్త వరుసకు జరిపే లివరుకు తగిలించేవారు, చప్పుడు రాకుండా. గాజులు లివరు మీద ఉన్నంతసేపు వీధిలో ఎవరూ మమ్మల్ని పిలవకూడదు. నర్సయ్య కూడా గాజులు చూసి టీ గ్లాసులు గడపలో పెట్టి వెళ్లిపోయేవాడు.

ఇంకో నియమం ఉండేది. చదవబోయే ప్రతి పనినీ ముందు తను ఫోన్లో చేసి చూసేవారు. "నేను నొక్కనిది నొక్కమని చెప్పను" అనేవారు. ఆ కారణంగా రోజులో అయ్యే పని మూడు రోజులు పట్టేది. నేను విసుక్కునేవాణ్ని. ఆమెకు అది పట్టేది కాదు.

వీడియో అయ్యాక పరీక్ష. ముందు తెర మీద తువ్వాలు కప్పి ఒట్టి మాట వినేవారు. తర్వాత తువ్వాలు తీసి, శబ్దం ఆపేసి, ఒట్టి బొమ్మ చూసేవారు. రెండోసారి చూసేటప్పుడు పక్కన నర్సయ్యను కూర్చోబెట్టుకునేవారు.

"ఇప్పుడు ఈయన ఏం చేశాడు నర్సయ్యా?"

"ఏదో ఒత్తిండమ్మా."

"ఎందుకు ఒత్తాడు?"

"నాకేం ఎరుక?"

"విన్నారా, ఈయనకు ఎరుక కాలేదు. మళ్లీ తీయండి" అనేవారు మాతో. నర్సయ్య తనవల్ల మాకు పని పెరిగిందని నొచ్చుకుని ఆరోజు టీలో అల్లం ఎక్కువ వేసేవాడు.

ఇవన్నీ నవ్వుకుంటూ చెప్పగలిగిన సంగతులు. ఇక చెప్పబోయేది కూడా చివరికి నవ్వుతోనే ముగిసింది గానీ, మధ్యలో ఒకరోజు మా గది మూతపడుతుందనే అనుకున్నాను.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక జామాయిల్ మొక్కల నర్సరీ ఉంది. యజమాని కుటుంబం ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులు. చుట్టుపక్కల గూడేల నుంచి నలభై మంది ఆడవాళ్లు వచ్చి రెమ్మలు కత్తిరించి, మందులో ముంచి, చిన్న ట్రేలలో నాటుతారు. మా కంపెనీ హాజరు యాప్‌ను ఆ నర్సరీలో ఒకటో తారీఖు నుంచి వాడతామని ఒప్పుకున్నారు. అక్కడే వీడియో తీయాలి. దాన్ని గురువారం హైదరాబాదులో చాలామంది యజమానులు వచ్చే సమావేశంలో చూపించాలి. అది నచ్చితే మాకు ఇంకా ఆరు వీడియోలు. నచ్చకపోతే గది ఖాళీ చేసుకోవడమే.

వీడియోలో చూపించడానికి కంపెనీవాళ్లు ఒక నమూనా జాబితా పంపారు. రమేష్, సురేష్, మహేష్. ముగ్గురికీ నీలం చొక్కాలు. మేడమ్ ఆ జాబితా చూసి కళ్లజోడు తీశారు.

"జామాయిల్ రెమ్మలు కత్తిరించేది ఈ ముగ్గురు అన్నదమ్ములా? నర్సరీ రిజిస్టరు తెప్పించు."

తెప్పించాను. నలభై పేర్లూ, ఇంటిపేర్లూ, పుట్టిన తేదీలూ తనే టైపు చేశారు. యాప్‌లోకి ఎక్కించారు. తెర మీద ముప్పై ఆరు వచ్చాయి.

ఇక్కడ ఆమె చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. నాలుగు పేర్లు తగ్గితే మనమైతే మిషన్నో, ఫోన్నో తిడతాం. ఆమె జీవితమంతా వరుస తగ్గిందంటే టైపు చేసినవాళ్లు దాటేసినట్టే లెక్క. తన చేయి తప్పిందనుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా పెన్సిల్‌తో ఒక్కో పేరు మీద చుక్క పెట్టుకుంటూ కూర్చున్నారు. మళ్లీ కొట్టారు. మళ్లీ ముప్పై ఆరు. "ముసలితనం వచ్చేసిందయ్యా" అన్నారు. ఆ మాట ఆమె నోట నేను విన్నది అదొక్కసారే. తప్పు తనది కాదని ఆమెకు నమ్మకం కుదరడానికి మర్నాటిదాకా పట్టింది.

నమ్మకం కుదిర్చింది యాకూబ్. జాబితా మీద వేలు పెట్టి చూపించాడు.

"మేడమ్, సోడె సమ్మక్క ఐదుగురున్నరు. ఫోన్ల ఒక్కతే ఉంది."

ఐదుగురూ ఒకే గూడెం కోడళ్లు, కాబట్టి ఇంటిపేరు ఒకటే. మా వైపు సమ్మక్క జాతర జరిగే ఏడు పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెట్టని ఇల్లు ఉండదు, కాబట్టి పేరూ ఒకటే. ఒకే రోజు, ఒకే శిబిరంలో గుర్తింపు కార్డులు తీయించుకున్నారు. రాసుకున్నవాళ్లు వయసు సుమారుగా వేసి, ఐదుగురికీ అదే సంవత్సరం, అదే జనవరి ఒకటి రాశారు. పేరు, ఇంటిపేరు, తేదీ మూడూ కలిస్తే ఒకే మనిషి పొరపాటున ఐదుసార్లు ఎక్కిందని యాప్ అనుకుంది. ఒకటి ఉంచి నాలుగు తీసేసింది.

కంపెనీలో మాతో మాట్లాడే మేనేజరు సందీప్. మంచివాడే. ఫోన్ చేశాను.

"సార్, అది డూప్లికేట్లు తీసేయడం. మంచి ఫీచరే అది."

"ఐదుగురు వేరే వేరే మనుషులు సందీప్."

"అర్థమైంది సార్. కానీ గురువారం మీటింగ్. ఇప్పటికి శాంపిల్ లిస్టు వాడేయండి. ఇది తర్వాతి వెర్షన్‌లో చూద్దాం."

ఫోన్ పెట్టేసి, శాంపిల్ లిస్టే వాడదామని నేను అన్నాను. ఈ వాక్యం రాయకుండా దాటేయవచ్చు. కానీ ఆరోజు గదిలో ముగ్గురం ఉన్నాం, అన్నది నేనే.

మేడమ్ నేను రాసిచ్చిన కాగితం పక్కన పెట్టేశారు. లివరు మీది గాజులు తీసి చేతికి వేసుకున్నారు. ఇక రికార్డింగ్ లేదని అర్థం.

"నేను నొక్కాను. నలుగురు పోయారు. 'అందరి హాజరూ పడుతుంది' అని రాశావు ఇందులో. ఎట్లా చదవమంటావు?"

"చదవకపోతే పని పోతుంది మేడమ్."

"పోతే నీకు ఆరు వీడియోలు పోతాయి. వాళ్లకు పేరే పోతోంది."

యాకూబ్ కెమెరా సంచి భుజాన వేసుకున్నాడు. "పొద్దుగాల ఆటో చెప్పనా మేడమ్?" అన్నాడు. నన్ను అడగలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ముగ్గురం నర్సరీలో ఉన్నాం. గేటు దగ్గర హాజరు జరుగుతోంది. మేస్త్రీ రిజిస్టరు తెరిచాడు గానీ దాంట్లోకి చూడటం లేదు. తలెత్తి పిలుస్తున్నాడు.

"ఒర్రె!"

"ఆఁ!"

"గుట్ట!"

"ఉన్న!"

"చింతకింది! రేడియో! చిన్నది!"

ఒర్రె అంటే వాగు, దాని పక్కన ఇల్లున్నామె ఒర్రె సమ్మక్క. గుట్ట మీద ఇల్లున్నామె గుట్ట సమ్మక్క. చింతచెట్టు కింద ఇల్లు చింతకింది సమ్మక్క. నోరు ఆగనిది రేడియో సమ్మక్క. చిన్న సమ్మక్క అందరికంటే పొడుగు. పెళ్లయి వచ్చేనాటికి ఆమె చిన్నది, పిలుపు అట్లాగే ఉండిపోయింది. మేడమ్ అవన్నీ నోట్ చేసుకున్నారు. తర్వాత జరిగిందేమిటో వాళ్లకు చెప్పారు. ఐదుగురూ కోయ భాషలో ఏదో అనుకున్నారు. రేడియో సమ్మక్క ముందు తేరుకుంది.

"గట్లనా! మేం ఐదుగురం ఫోనుకు ఒక్కతే అయితే పని గూడ ఒక్కతే చేస్తది. మేం నలుగురం చింతకింద కూసుంటం."

"మరి అన్నం?" అంది చిన్న సమ్మక్క.

"అన్నం ఐదుగురికి!"

నలభై మందీ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. ఒర్రె సమ్మక్క ఒక్కతే నవ్వలేదు. మందు అంటిన చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ మేడమ్ దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, ఇప్పుడంటే మేస్త్రీ మొహం చూసి రాస్తుండు. రేపు ఫోనే రాస్తదంటిరి. వచ్చిన దినం రానట్టు పడితే ఎట్ల? వచ్చినమని ఎవరు చెప్తరు?"

మేడమ్ ఆమె చేయి పట్టుకున్నారు. యాకూబ్ వైపు తిరిగి, "తీయవయ్యా" అన్నారు. "తప్పునే తీయి."

ఆమె క్లాసులో ఒక మాట ఉండేది. తప్పు పడితే ఆగొద్దు, చెరపొద్దు, తర్వాతి అక్షరం సరిగ్గా కొట్టు. చెరిపినచోట కాగితం చిరుగుతుంది, పరీక్ష దిద్దేవాడికి తెలిసిపోతుంది అనేవారు. ఆరోజు అదే చేశారు. గేటు దగ్గర నిలబడ్డ నలభై మందిని యాకూబ్ ఒక చివర నుంచి మరో చివరకు తీశాడు. తర్వాత తెర మీద ముప్పై ఆరు. తర్వాత మెడ చాపి ఫోన్లోకి చూస్తూ "నేనేడున్న?" అంటున్న రేడియో సమ్మక్క. తర్వాత ఒర్రె సమ్మక్క అడిగిన ప్రశ్న. నిమిషమున్నర. మాట చదవలేదు, పాట పెట్టలేదు. సందీప్‌కు పంపించాం.

రెండు గంటలు ఏ కబురూ లేదు. ఆ రెండు గంటలూ నేను గేటు బయట తిరిగాను. మేడమ్ మాత్రం గుట్ట సమ్మక్క పక్కన పీట వేసుకుని రెమ్మలు నాటడం నేర్చుకున్నారు. ఆమె నాటినవి వంకరగా ఉన్నాయని గుట్ట సమ్మక్క మళ్లీ పీకి నాటింది. "చూశావా, దాచకుండా దిద్దింది" అన్నారు నాతో.

సందీప్ ఫోన్ వచ్చింది. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు.

"సార్, మా టీమంతా చూశాం. మేడమ్‌తో ఒకసారి మాట్లాడొచ్చా?"

ఫోన్ ఆమెకు ఇచ్చాను. ఆమె డిక్టేషన్ ఇచ్చినట్టే చెప్పారు.

"రాసుకో బాబూ. మీ దగ్గర పేరుకు గడి ఉంది. ఇంటిపేరుకు గడి ఉంది. పిలుపుకు లేదు. రోజూ మనిషిని పిలిచేది దాంతోనే. ఆ గడి పెట్టండి. రాసుకున్నావా? రెండోది. ఒకేలా ఉన్నవి కనిపిస్తే మీ అంతట మీరు తీసేయొద్దు. తీసేయనా అని అడగమనండి. మనిషిని తీసేసే ముందు అడగడం మర్యాద."

బుధవారం మధ్యాహ్నానికి కొత్తది పంపారు. మేడమ్ మళ్లీ నర్సరీకి వచ్చి మళ్లీ ఎక్కించారు. ఒకేలా ఉన్నాయి, తీసేయనా అని ఫోన్ అడిగింది. "వద్దు" నొక్కారు. నలభై. ఐదుగురు సమ్మక్కలూ వరుసగా, ఒక్కొక్కరి పేరు కింద ఒక్కొక్కరి పిలుపు. చిన్న సమ్మక్క ఏడో తరగతి దాకా చదివింది. పైనుంచి కిందికి చదువుకుంటూ తన వరుస దగ్గర ఆగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ సాయంత్రం గదిలో వీడియో కూరుస్తూ యాకూబ్ అడిగాడు.

"మేడమ్, మన దగ్గర నవ్వు వద్దు గదా. తీసేయనా?"

"ఉంచవయ్యా. అది తెరను చూసి నవ్విన నవ్వు కాదు. తన పేరు కనపడితే నవ్వింది."

మా వీడియోలన్నింటిలో ఉన్న నవ్వు అదొక్కటే.

గురువారం సమావేశానికి నేను వెళ్లలేదు. సందీప్ చెప్పినది రాస్తున్నాను. తెర మీద ముప్పై ఆరు వచ్చినప్పుడు యజమానుల్లో గుసగుస మొదలైందట. "మా దగ్గర శ్రీనులు ఏడుగురు" అని ఒకాయన లేచాడట. "మా మిల్లులో వెంకటేశ్వర్లు నలుగురు" అని ఇంకొకాయన. నలభై వచ్చేసరికి అంతా వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటున్నారట. తప్పు చూపించాం కాబట్టి ఒప్పును నమ్మారు. వార్తల్లో ఇన్నేళ్లు పనిచేసి నేను ముందే తెలుసుకోవలసిన సంగతి. ఆరు వీడియోలూ మాకే వచ్చాయి. ఒకటో తారీఖున నర్సరీలో నలభై హాజర్లు పడ్డాయి.

ఆ తర్వాతి ఆదివారం సంతకు వచ్చిన ఐదుగురూ వీడియో చూడ్డానికి మా గదికి వచ్చారు. మేడమ్ తువ్వాలు కప్పకుండానే చూపించారు, చుట్టాలకు మినహాయింపు అన్నారు. చూడటం అయ్యాక మిషన్ల తొడుగులు తీసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టారు. గుట్ట సమ్మక్క వెనక్కి జరిగింది.

"నాకు రాయరాదమ్మా. నేను ఏలు ముద్రనే."

"వేలిముద్ర వేసే వేలే కదమ్మా. సిరా మీద కాకుండా అక్షరం మీద పెట్టు."

మేడమ్ అలవాటుగా గాజులు తీసి లివరుకు తగిలించడం చూసి, అది మిషన్ పద్ధతి అనుకుని ఐదుగురూ తమ గాజులు తీసి తగిలించారు. మేడమ్ వద్దనలేదు. అరగంట కష్టపడి గుట్ట సమ్మక్క 'గుట్ట' అని కొట్టింది. ఆ కాగితం మడిచి రవికెలో పెట్టుకుని పోయింది.

"మళ్లీ ఎప్పుడొస్తారే? టైపు లోయరు పరీక్ష రాయిస్తాను" అన్నారు మేడమ్.

"పని ఎప్పుడు తెములుతదో టీచరమ్మా" అంది రేడియో సమ్మక్క.

"మీది ఐదు గంటల బ్యాచ్. సీట్లు ఉంచుతాను."

ఉంచారు. ఐదు మిషన్లలో ఐదు తెల్లకాగితాలు ఎక్కించి తొడుగులు కప్పారు. శనివారం నూనె వేసినప్పుడు కాగితం పసుపుపచ్చబడితే మార్చేవారు. వాళ్లు రాలేదు. వానలు, నాట్లు, పిల్లల బడి. ఏడాదిన్నర గడిచింది. ఈలోగా మేడమ్ ఇంకా పదకొండు వీడియోలు చదివారు. పోయే ముందటి శనివారం కూడా మిషన్లకు నూనె వేశారు.

మధిర నుంచి వచ్చిన చెల్లెలూ మరిదీ కార్యక్రమాలన్నీ జరిపించారు. పదకొండో రోజు భోజనాలయ్యాక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేనూ యాకూబ్ ముందుగదిలో కూర్చున్నాం. సాయంత్రం వీధిలో ట్రాక్టరు ఆగిన చప్పుడు. నర్సరీ ట్రాక్టరు. ఐదుగురూ దిగారు. పని దిగి నేరుగా వచ్చినట్టున్నారు, కాళ్లకు ఎర్రమట్టి ఉంది. మేడమ్ పటానికి దండం పెట్టుకున్నారు. రేడియో సమ్మక్క ఒక్క మాట కూడా మాట్లాడకపోవడం నేను మొదటిసారి చూశాను.

కాసేపు నిలబడ్డారు. ఒర్రె సమ్మక్క వెళ్లి ఒక మిషన్ తొడుగు ఎత్తి చూసింది. కాగితం ఉంది. రెండోదాని తొడుగు ఎత్తింది. ఉంది. తిరిగి మా వైపు చూసింది.

"మా కోసమేనా సారూ?"

అవునన్నాను.

ఆమె గాజులు తీసి లివరుకు తగిలించి కూర్చుంది. మిగతా నలుగురూ తీశారు. తెలుగు మిషన్లు మూడే కాబట్టి చిన్న సమ్మక్క, గుట్ట సమ్మక్క ఇంగ్లీషు వాటి ముందు కూర్చుని ఏ అక్షరం తగిలితే అది కొట్టడం మొదలుపెట్టారు. ఒర్రె సమ్మక్క ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతోంది. లివరు మీది గాజులు ప్రతి దెబ్బకూ గలగలమంటున్నాయి. ఐదు మిషన్ల చప్పుడు కలిసి ఆ వీధిలో వినపడి ఎన్నేళ్లయిందో లెక్క చెప్పలేను.

నర్సయ్య భుజాన తువ్వాలుతో రోడ్డు దాటి వచ్చి గడపలో నిలబడ్డాడు. గదంతా ఒకసారి చూశాడు.

"ఏ బ్యాచ్ ఇది?"

రేడియో సమ్మక్క కాగితం మీదినుంచి కళ్లు తిప్పలేదు.

"ఐదు గంటలది."

నర్సయ్య తలూపి, వెనక్కి వెళ్లి, పొయ్యి మీద పాలు పెట్టాడు.